కొప్పు దగ్గర వాలు

మధ్యాహ్నాలు ఇంట్లో ఒక మనిషి గొంతు వినబడుతుందని ఫోనులో లెక్కల పాఠాలు పెట్టుకుని పడుకుంటాను. మొన్న పాఠం చెప్పే అమ్మాయి, "వాలు సున్నా అయిన చోటే కాదు, వాలు ఇంత అని చెప్పడానికి వీల్లేని మొన దగ్గర కూడా గరిష్ఠం రావచ్చు" అంది. లేచి కూర్చున్నాను. ఇంటర్లో నేనన్నది ఈ మాటే. అన్నందుకే నా పరువు పోయింది.

అప్పట్లో అమలాపురంలో మా లెక్కల మాస్టారి అరుగు మీద సాయంత్రాలు ట్యూషను. ఆయన బోర్డు మీద కొండలాంటి గీత గీసి, ఎక్కడం ఆగి దిగడం మొదలయ్యే చోట వాలు సున్నా అయి తీరాలన్నారు. నేను ఎదురింటి పెంకుల కప్పు మీద రెండు వాలులూ కలిసే కొప్పు చూపించి, "మరి ఆ కొప్పు దగ్గరోనండి? ఇటు ఎక్కుడే, అటు దిగుడే. మధ్యలో చదును లేదు కదండీ" అన్నాను. "వెళ్ళి దాని మీద కాకులకి చెప్పు" అన్నారాయన. అరుగంతా నవ్వింది. ఆ రోజు నుంచి నా పేరు కొప్పు. సంతలో కొప్పు, రేవులో కొప్పు, చివరికి నా పెళ్ళిపందిట్లోనూ కొప్పే. ట్యూషను మానేశాను. మాస్టారు ఎదురైతే తల తిప్పుకున్నాను. ఆ రోజు ఎవరి తర్వాత ఎవరు నవ్వారో ఇప్పటికీ వరసగా చెప్పగలను. వినేవాళ్ళే లేరు.

ఫోను పట్టుకుని ముక్తేశ్వరం బస్సెక్కాను. మాస్టారిప్పుడు అక్కడ కూతురి దగ్గరుంటున్నారు. తప్పు ఆయన నోటితోనే ఒప్పించాలని నా పంతం. పాఠం చివరిదాకా విని తలూపారు.

"ఆయ్, నువ్వన్నదే రైటోయ్. ఇంటికెళ్ళి ఆలోచిస్తే తెలిసింది. మర్నాడు చెబుదామంటే నువ్వు రాలేదు. ఆ తర్వాత ఏటేటా కొప్పు బొమ్మేసే చెప్పేవోణ్ణి, మా కొప్పుగాడు అడిగేడర్రా అని."

"నాకో కబురు పెట్టొచ్చు కదండీ."

"పిలిస్తే అడుగు జోరు పెంచేవోడివి. కబురొకటా నీకు?"

ఇంటికొచ్చి చెప్పొచ్చు కదా. ఈ విషయంలో ఆయన్ని నేనిప్పటికీ క్షమించలేదు.

గేటు దాటుతుంటే, "కొప్పూ, మళ్ళీ రావోయ్" అన్నారు. నన్నలా పిలిచే నోరు ఇక ఆయనదొక్కటే మిగిలింది. ఆ పేరుకి పలకకూడదన్నది నా ఒట్టు. "వస్తానండి" అన్నాను.

మాస్టారి గీతల్లో ఇంకో చోటుండేది. అక్కడ గీత పైకే పోతుంటుంది, వంపు మాత్రం మారిపోతుంది, ఎక్కే ఊపు తగ్గడం మొదలవుతుంది. శిఖరం ఎవరికైనా కనబడుతుంది. ఈ చోటు మాత్రం దాటి చాలా దూరం వచ్చాక గానీ తెలియదు. నా బతుకు గీతలో అది ఆ అరుగు మీదే ఎక్కడో ఉందనుకుంటాను; అప్పటికింకా పొద్దు గుంకలేదు, అందరూ నవ్వుతూనే ఉన్నారు.