గేటు దాటని కారు

బ్రేక్ ఆయిల్ వేలికి అంటితే ఓ పట్టాన వదలదు. సబ్బుతో రెండుసార్లు కడిగినా ఆ జిడ్డూ, ఆ ఘాటు వాసనా మిగిలే ఉంటాయి. ఈ ఉదయం మా ఇంటి ముందు పాత కారు వెనక చక్రం విప్పి, ఆయిల్ డబ్బా మూత తీశానో లేదో, రత్నమ్మగారు పక్కన నిలబడి నా కుడికాలి వైపే చూస్తున్నట్టు అనిపించింది. ఆ కాలు ఇప్పటికీ కుదురుగా ఉండదు. కూర్చున్నా ఊగుతూనే ఉంటుంది.

గన్నవరం విమానాశ్రయానికి టాక్సీలు నడిపేవారావిడ. గవర్నర్‌పేటలో ఇల్లు, రెండు కార్లు. డ్రైవర్లం ఆవిడా నేనూ. ఆవిడ పుట్టింది బందరు దగ్గర, సముద్రం మీద చేపలు పట్టి బతికే ఇంట్లో. ఏ రిపేరైనా ఆటోనగర్ షెడ్డుకి పంపేవారు గానీ, బ్రేకుల్లో గాలి మాత్రం ఇంటి దగ్గర తన చేత్తోనే తీసేవారు. ఆ పని కళ్ళారా చూసుకోకపోతే ఆవిడకి అన్నం సయించేది కాదు.

దానికి ఇద్దరు కావాలి. ఒకరు సీట్లో కూర్చుని పెడల్ నొక్కి పట్టాలి. ఇంకొకరు చక్రం దగ్గరున్న నిపిల్ అనే చిన్న మర కాస్త వదులు చేస్తే, దానికి తగిలించిన గొట్టంలోంచి ఆయిలూ గాలిబుడగలూ సీసాలోకి దిగుతాయి. నిపిల్ మళ్ళీ బిగించేదాకా కాలు తీయకూడదు. తీస్తే బయటి గాలి లోపలికి పోతుంది, బ్రేకు పట్టదు. ఆవిడ "పట్టావా?" అంటే నేను "పట్టానండి" అనాలి. "వదులు" అనేదాకా వదలకూడదు. వాళ్ళ నాన్న పడవలో వల లాగేటప్పుడు అదే పద్ధతట. బదులు వినకుండా ఎవరూ తాడు వదిలేవారు కారట. నాకు అదంతా చాదస్తంగా ఉండేది.

అప్పటికి నాకు ఇరవై ఏడేళ్ళు. ఏ పనిలోనూ ఏడాది నిలవలేదు. ఒక రోజు ఉద్యోగం గురించి హైదరాబాదు నుంచి ఒక కంపెనీ వాళ్ళు ఫోన్ చేస్తామన్నారు. పదకొండింటికి చంటిబిడ్డతో సహా ఒక కుటుంబాన్ని గన్నవరంలో దింపాలి. ఆఖరి చక్రం దగ్గర ఉండగా జేబులో ఫోన్ మోగింది. తీద్దామని ఒళ్ళు పైకి లేపాను, దాంతోపాటే కాలూ లేచింది. గబుక్కున మళ్ళీ నొక్కేశాను. తీరా చూస్తే అది రీచార్జి చేయించుకోమని గుర్తుచేసే ఫోను.

కాలు లేచిందా అని ఆవిడ చక్రం దగ్గర నుంచి అడిగారు. లేదండి అన్నాను. ఆవిడ నిపిల్ బిగించి, చక్రం ఎక్కించి, చేతులు కడుక్కుని వచ్చి నా పక్క సీట్లో కూర్చున్నారు. ఎప్పుడూ అలా ఎక్కేవారు కాదు. పోనివ్వమన్నారు.

ఇంటి పక్క సందులోంచి గేటు దాకా ముప్పై అడుగులుంటుంది. సగం దూరంలో బ్రేకు నొక్కితే కాలు బురదలో దిగినట్టు దిగిపోయింది. రెండోసారి నొక్కితే పట్టింది. అబద్ధమెందుకు, ఇలాగే సర్దుకుపోవచ్చనే అనుకున్నాను. గేటవతల ఆటోలు, సిటీ బస్సులు. చంటిబిడ్డ గుర్తొచ్చింది. రెండుసార్లు నొక్కి గేటు దగ్గర కారు ఆపాను.

"కాలు లేచిందండి," అన్నాను.

"తెలుసు. గొట్టంలో ఆయిల్ వెనక్కెళ్ళింది."

అప్పుడు చూశాను, ఆవిడ చెయ్యి హ్యాండ్‌బ్రేక్ మీద ఉంది. ఎక్కినప్పటి నుంచీ అక్కడే ఉందట. తెలిసీ ఎందుకు ఎక్కారని అడిగాను.

"బ్రేకు సంగతి నాకు తెలుసు. నీ సంగతి తెలీదు గదా. గేటు దగ్గర నోరిప్పకపోతే అక్కడే తాళం తీసేసుకునేదాన్ని, మళ్ళీ నీకిచ్చేదాన్ని కాదు."

ఆ కుటుంబానికి ఫోన్ చేసి, వేరే కారు మాట్లాడిపెట్టి, మళ్ళీ వచ్చి చక్రం దగ్గర కూర్చున్నారు. అదే గొంతుతో "పట్టావా?" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను. తర్వాత తొమ్మిదేళ్ళు ఆవిడ దగ్గరే పనిచేశాను. మూడేళ్ళ కిందట ఆవిడ పోయారు.

ఈ ఉదయం సీట్లో మా ఆవిడ పద్మ కూర్చుంది. వంటింట్లో కుక్కర్ కూత వేసింది. నా చేతిలో గొట్టంలోని ఆయిల్ వెనక్కి జరిగింది. అడుగుదామని నోరు తెరిచాను.

"ఏవండీ, కూతకి కాలు లేచిపోయింది. మళ్ళీ మొదలుపెట్టండి," అంది పద్మ.

నాకు గేటు దాకా వెళ్తే గానీ రాని మాట అది. నిపిల్ బిగించి, ఆయిల్ పోసి, పద్మని పొయ్యి కట్టేసి రమ్మన్నాను. తను వచ్చి కూర్చున్నాక "పట్టావా?" అన్నాను. బదులు వినిపించేదాకా ఆగాను.