అర కుండ పోయని మనిషి

మా మేనత్త పోయి పదమూడు రోజులైంది. నేను ఏడవలేదు. "విశాఖపట్నం చదువు దీని గుండెలో తడంతా లాగీసినాది" అని పరామర్శకు వచ్చిన వాళ్ళందరికీ మా పెద్దమ్మ చెప్పింది. శవం ఇంట్లో ఉండగానే నేను మద్రాసు ట్రైనింగు కాలేజీ ఉత్తరం చదువుకుంటూ కూర్చున్నానని వదిన చెప్పింది. చదివిన మాట నిజమే. సీటు కావాలో వద్దో ఈ శనివారంలోగా తెలపమన్నారు. ఇక్కడేమో వదిన కాన్పుకు ఉంటానన్నాను, పెద్దమ్మ తెచ్చిన సంబంధం వాళ్ళను రానిమ్మన్నాను.

మేనత్త పద్దెనిమిదేళ్ళకే భర్త పోయి పుట్టింటికి వచ్చింది. అప్పటి నుంచి మా కొబ్బరితోట ఆమె చేతిలోనే ఉంది. కత్తిని ఇసుకతో రుద్ది, నూనెగుడ్డతో తుడిచి గాని చూరులో పెట్టేది కాదు. చెంబులో నీళ్ళు మిగిల్చి పారబోస్తే, "నుయ్యి నీకోసమే ఊరతన్నాదేటే?" అనేది. ఇంట్లో అందరూ ఆమెను పిసినారి అనేవాళ్ళు. నేనూ అన్నాను.

ఒక వేసవి సెలవుల్లో ఆమెకు నడుం పట్టేసింది. కొత్తగా నాటిన కొబ్బరి మొక్కలకు నీళ్ళు పోసే పని నాకు వచ్చింది. మొక్కలు నలభై. తెల్లవారేసరికి నూతిలో ఊరేవి ఇరవై కుండలు. నేను దేనికీ అన్యాయం చేయకుండా తలా అర కుండ పోశాను. నాలుగో రోజు ఆమె గోడ పట్టుకుని వచ్చి చూసింది. వంగలేక కూలబడి, బలహీనంగా ఉన్నవాటిని ఒక్కొక్కటే పీకడం మొదలుపెట్టింది. నేను చెయ్యి పట్టుకున్నాను.

"అత్తా, పచ్చగానే ఉన్నాయి కదా!"

"పచ్చగానే సస్తాయి. అర కుండ ఇసకే తాగీత్తాది, ఏరుకేటందుతాది? కాలేజీలో లెక్కలు సెప్పరేటే?"

"పాపం కాదా?"

"పాపమే. నాను నాటినాను, నానే పీకుతున్నాను. నీ జాలికి నలభయ్యీ సంపుకోమంతావేటి?"

ఇరవై పీకింది. ఆ పూట అన్నం తినలేదు. ఎందుకని ఇంట్లో ఎవరూ అడగలేదు. మిగిలిన ఇరవైలో పద్దెనిమిది బతికాయి. రెండు చచ్చాయి, అదీ చెప్పాలి.

పోయేముందు మంచం మీద ఉన్నప్పుడు, నేను గంజి తాగిస్తుంటే నా మొహం చూసి నవ్వింది.

"వదినకి ఊఁ అన్నావు, పెద్దమ్మకి ఊఁ అన్నావు. మద్రాసోళ్ళకీ ఊఁ అంతావు. ఎవులికి మిగులుతావే, అమ్మీ?"

గంజి సగం తాగి, ఇక చాలని గిన్నె మీద అరచెయ్యి బోర్లించింది. గోళ్ళ కింద ఇంకా తోట మట్టి ఉంది.

ఈ ఉదయం వదినకు వేరే మనిషిని చూసుకోమన్నాను. సంబంధం వద్దని పెద్దమ్మతో చెప్పాను. ఉత్తరం రాసి, బండి కట్టించుకుని పలాస వెళ్ళి, నేనే టపాలో వేశాను. నేను మద్రాసు వెళుతున్నాను.