కిటికీ దగ్గర బ్రోమిన్

1946. మదనపల్లె కాలేజీలో నేను కెమిస్ట్రీ డిమాన్‌స్ట్రేటర్ని, అంటే ప్రయోగాలు చేసి చూపేవాణ్ణి. అంగళ్ల మధ్య పెరిగాను కాబట్టి పాఠమూ అంగడి భాషలోనే చెప్పేవాణ్ణి. సరుకు లోపలికొచ్చి ఏదీ బయటికి పోకపోతే అడిషన్. ఒకటొచ్చి ఇంకొకటి పోతే సబ్‌స్టిట్యూషన్. ఉన్నదాంట్లోంచి కొంత పోతే ఎలిమినేషన్. అదే సరుకు అరలు మారితే రీఅరేంజ్‌మెంట్.

ఒక ఉదయం పుంగనూరు నూనె వ్యాపారి ఖాదర్ సాహెబ్ చిన్న సీసాతో వచ్చాడు. మిలిటరీ వాళ్ళు వదిలేసిన డబ్బాలను కుప్పంలో ఎవరో వేరుశనగ నూనె అని అమ్ముతున్నారట. రంగూ లేదు, వాసనా లేదు.

"వారంలో ఉరుసు. వంటకంతా మా అంగడి నూనే పోవాల. ఇది తినేదేనా, బిరీన చెప్పప్పా."

"కూసోండి సాయిబూ. నూనె యాడికీ పోదు."

"నూనె పోదు, కుప్పం బస్సు పోతాది!"

బ్రోమిన్ ఎర్రటి ఘాటు ద్రవం. మా ల్యాబులో పొగ పోయే దారి లేదు గనుక ఎప్పుడూ కిటికీ తెరిచి, ఆ ఎండలోనే వాడేవాళ్ళం. వంటనూనె దాన్ని అడిషన్‌తో మింగి ఎరుపు పోగొడుతుంది. తినకూడని పారఫిన్ నూనె పోగొట్టదు. గొట్టంలో ఆ నూనె కొంచెం పోసి బ్రోమిన్ చుక్క వేశాను. సాహెబ్ నా చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. ఆ తొందర నాకూ అంటుకుంది. కాసేపటికి ఎరుపు పోయింది. "మంచి నూనే" అన్నాను. ఆ డబ్బాలు కొనడానికి ఆయన కుప్పం బస్సుకు పరుగెత్తాడు.

గొట్టం కడగబోతే ముక్కు మండింది. అమోనియాలో ముంచిన గాజుకడ్డీని దాని మూతి దగ్గర పెట్టాను. తెల్లటి పొగ! హైడ్రోజన్ బ్రోమైడ్ బయటికి వస్తోందన్నమాట. అంటే జరిగింది సబ్‌స్టిట్యూషన్. ఎండ తగిలితే పారఫిన్ కూడా అలా ఎరుపు పోగొడుతుంది. ఇంకో గొట్టంలో చుక్క వేసి అల్మారా చీకట్లో పెట్టి, కాలు నిలవక వరండాలో తిరిగాను. తీసి చూస్తే ఎరుపు ఎరుపుగానే ఉంది. అంటే అది పారఫినే. తిన్నవాళ్ళ కడుపులు జారిపోతాయి, సాహెబ్ పేరూ జారిపోతుంది.

బస్టాండుకు పరుగెత్తాను. అది బొగ్గు గ్యాసు బస్సు కావడం నా అదృష్టం; బొగ్గు రాజుకుంటేగానీ అది కదలదు, క్లీనర్ ఇంకా గాలి కొట్టే బ్లోయర్ తిప్పుతున్నాడు.

"సాయిబూ, దిగండి! అది తినేది కాదు."

"ఇప్పుడే గదప్పా మంచిదంటివి?"

"తప్పు చెప్పినాను. ఎండ మోసం చేసింది."

"బేరం తెలిసినోడివి, రంగు సూసి నమ్మితివా!"

బస్సంతా నవ్వింది. ఆయన మాత్రం దిగాడు.

ఉరుసు వంట గానుగ నూనెతోనే జరిగింది. సాహెబ్ మొదట నాకే వడ్డించి, నేను మింగేదాకా ఇంకెవరినీ ముట్టనివ్వలేదు. ల్యాబులో నేను చెప్పే మాటను బయట ఎవరో ఒకరు తినాల్సి ఉంటుందని ఆ ముద్దతో తెలిసింది.