తవుడుకు కొన్న పిల్లవాణ్ణి ఏరవతలి దొరసాని బడిలో వేసిన ప్రయాణం

గువ్వా, నీ తమ్ముణ్ణి బడిలో వేసి వచ్చాను. కృష్ణ దాటి, తుంగభద్ర దాటి, నిజాం రాజ్యం దాటి, ఇంగ్లీషువాళ్ల ఏలుబడిలో ఉన్న కర్నూలులో ఒక దొరసాని నడిపే బడిలో వేసి వచ్చాను. నువ్వు పోయాక పుట్టినవాడు, వాడి మొహం నీకు తెలియదు. అందుకే ముందు నీకు చెప్పుకొని, తరువాత ఈ దారిన పోవాలనుకునే తల్లులకు చెబుతాను. వీధిబడిలో రెండేళ్లు కూర్చున్న చదువు నాది. నాకు వచ్చినట్టే రాస్తాను.

మా ఊరు అమరచింతకు దగ్గర. గువ్వకు అయిదో ఏట జ్వరం వచ్చింది. మూడోనాటికి పిల్ల కళ్లు తేలేస్తే బండి కట్టుకొని వనపర్తి దవాఖానకు బయలుదేరాం. దారిలోనే, నా ఒడిలోనే పోయింది. దవాఖాన అంత దూరంలో ఉంటే డాక్టరు ఎంత మంచివాడైతే ఏం లాభం? మా దగ్గరి ఆత్మకూరులో ఒక డాక్టరు ఉండాలని ఆ బండిలోనే అనుకున్నాను. మరుసటి ఏడు కొడుకు పుట్టాక, ఆ డాక్టరు వీడే కావాలని అనుకున్నాను. వనపర్తిలో కంపౌండరును అడిగితే, "డాక్టరు చదువంటే పుస్తకాలన్నీ ఇంగ్లీషువే అమ్మా. పెద్దయినంక నేర్సుకుంట అంటే నాలిక తిరగదు. చిన్నప్పుడే ఏరు దాటించు" అన్నాడు. కర్నూలు బడి సంగతి చెప్పినవాడూ ఆయనే.

మా దిక్కు ఆచారం తెలియనివాళ్ల కోసం ఒక మాట. బిడ్డ పోయిన ఇంట్లో మళ్లీ బిడ్డ పుడితే, వాణ్ణి మాదని చెప్పుకోం. పురిటిలోనే చాటలో పడుకోబెట్టి పెంటకుప్ప మీద పెడతాం. ఇంకో ఇంటి మనిషి వచ్చి ఎత్తుకుంటుంది. ఆమెకు శేరు తవుడు ఇచ్చి మళ్లీ కొనుక్కుంటాం. ముక్కు కుట్టించి పుల్ల పెట్టి, పెంటయ్య అని పేరు పెడతాం. ఇలాంటి పనికిమాలినవాణ్ణి తీసుకుపోయి ఏం చేసుకుంటానని మృత్యువు పక్కకు పోవాలని. నా కొడుకును పెంట మీద నుంచి ఎత్తుకున్నది మా పక్కింటి ఖాసిం అన్న భార్య. అప్పటి నుంచి ఎవరు అడిగినా ఒకటే జవాబు చెబుతూ వచ్చాను.

పెబ్బేరు సంతలో మా ఆయన కోడెల జతను అమ్మాడు. బడి ఖర్చు అక్కడి నుంచే వచ్చింది. మా అత్త మాత్రం మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగోనాడు బయలుదేరేటప్పుడు గడపకు అడ్డం నిలబడి, "ఒకదాన్ని మట్టిల పెడ్తివి. వీన్ని ఏటి అవతల పెడ్తవా? నువ్వు తల్లివా ఏంది?" అన్నది. ఆమె కాళ్లు మొక్కి, పక్క నుంచి వచ్చి బండెక్కాను.

కోడి కూయక ముందే బండి కదిలింది. తోలింది ఖాసిం అన్నే. తోడుగా మా తమ్ముడు నర్సిములు వచ్చాడు. వాడికి ఉర్దూ బాగా వచ్చు, ఇంగ్లీషు ముక్కలు కొన్ని వచ్చు. ఆత్మకూరు దాకా దారి గతుకులే, వెన్ను విరిగిపోతుంది, బండిలో గడ్డి దట్టంగా పరుచుకోండి. తెల్లవారుతుంటే ఖాసిం అన్న వెనక్కి తిరిగి, "ఏం రా పెంటిగా, దొరవైనంక మా బండెక్కుతవా, మోటరే ఎక్కుతవా?" అన్నాడు.

"నీ బండే ఎక్కుత మామా. కాని నేనే తోల్త."

"తోలు తోలు! నిన్ను అమ్మి తెచ్చిన తవుడు తిన్నది గీ ఎద్దే. నీ మాట ఇనకపోతే ఎవల మాట ఇంటది?"

వనపర్తి రోడ్డు స్టేషనులో బండి దిగేసరికి ఎండ ఎక్కింది. రైలు రావడానికి ఇంకా సమయం ఉంది. సద్దిమూట విప్పి జొన్నరొట్టె, వెల్లుల్లి కారం తిన్నాం. మూడో తరగతి టికెట్టు మనలాంటివాళ్లకు భారం కాదు గానీ, యుద్ధం రోజులు కాబట్టి కూర్చోవడానికి చోటు దొరకడం కష్టం. సగం పెట్టెలో సిపాయిలే. ఆడవాళ్ల పెట్టె వెతుక్కొని ఎక్కండి. నర్సిములు వెనక పెట్టెలో వేలాడుతూ వచ్చాడు.

మా పెట్టెలో గద్వాల మగ్గాల ఇంటి మనిషి ఒకామె ఎదురుగా కూర్చుంది. నూలు మూట మీద కాలు పెట్టుకొని, వీణ్ణి ఎగాదిగా చూసి, "పిలగాడు నీ కొడుకేనా అక్కా?" అంది.

"నా కొడుకేందమ్మా! పెంట మీద దొరికిండు. గతి లేక తెచ్చుకున్న."

"సూస్తనే తెలుస్తుంది, నక్క మొకపోడు. మరి గింత దూరం మోస్కొచ్చినవు, కిటికీలకెళ్లి పారెయ్యకపోయినవా?"

"కిందున్న కృష్ణమ్మ గూడ నాకొద్దంటది."

ఇద్దరం నవ్వుకున్నాం. రైలు అప్పుడే కృష్ణ వంతెన మీద గడగడమంటున్నది. ఆమె మూట నుంచి పల్లికాయ తీసి వాడి ఒడి నింపి, కొంగుతో వాడి మూతి తుడిచింది. ఎవరు పోయారని అడగలేదు. ముక్కుపుల్ల చూసినప్పుడే తెలుసు ఆమెకు.

గద్వాలలో రైలు చాలాసేపు ఆగింది. నర్సిములు కిటికీ దగ్గరకు వచ్చి, "అక్కా, జర ఇను. ఈడ గూడ బడి ఉన్నది, పిల్లలు ఉండనీకె జాగ ఉన్నది. నెలనెలా వచ్చి సూస్కోవచ్చు. ఏరు దాటి పరేషాన్ ఎందుకు?" అన్నాడు.

"ఇంగ్లీషు ఏ తరగతిల పెడ్తరు?"

"పెద్ద తరగతులల్ల. ముందుగాల ఉర్దూనే."

"అయితే పో, నీ పెట్టె ఎక్కు. బండి కదుల్తున్నది."

తుంగభద్ర దాటితే సర్కారు మారుతుంది. ఇవతల సుంకం వాళ్లు మూటలు విప్పి చూశారు. మా నెయ్యి డబ్బా మూత తీసి వాసన చూసి ఇచ్చేశారు. పొద్దు గూకేలోపు కర్నూలు చేరి సత్రంలో పడుకున్నాం. మన నిజాం హాలీ రూపాయలు అక్కడ చెల్లవు, బజారులో మార్చుకోవాలి. ఆ పని మీద పొద్దున్నే నర్సిములు బజారుకు పోయాడు. నేను పిల్లవాడిని తీసుకొని జట్కాలో బడికి పోయాను. బడికి పోయేటప్పుడు తోడు వచ్చినవాణ్ణి పక్కన ఉంచుకోవాలని తరువాత తెలిసింది.

బడి పెంకుటిల్లు. చుట్టూ వరండా. తెల్ల చొక్కాలు, నిక్కర్లు, బూట్లు వేసుకున్న పిల్లలు గంట కొడితే వరుసగా పోతున్నారు. నేను ఆఫీసుకు పోకుండా ముందు వంటింటికి పోయాను. అక్కడ వంటామె గిన్నెలు తోముతోంది.

"రొట్టె పెడ్తరా అమ్మా పిల్లలకు?"

"జొన్నరొట్టె లేదమ్మా. పొద్దున బ్రెడ్డు, మధ్యాన్నం అన్నం, రాత్రికి సూపు."

"సూపంటే ఏంది?"

"కూరగాయలు ఉడికిచ్చిన నీళ్లు."

"నీళ్లు తాగి పండుకుంటరా?"

"కొత్తల్లో ఏడుసుకుంటా పండుకుంటారు. నెల పోతే నాకు ఇంకో గిన్నె అని గోల జేస్తారు. నువ్వేం బయపడొద్దు."

తరువాత పిల్లలు పడుకునే గది చూశాను. చిన్న చిన్న ఇనుప మంచాలు, దోమతెరలు. రాత్రి జ్వరం వస్తే ఎవరు చూస్తారని అడిగితే ఆయా తలుపు తీసి చూపించింది. వరండాకు ఆ చివర మందుల గది, అందులోనే నర్సమ్మ పడక. మంచం మీద నుంచి పిల్లవాడు పిలిస్తే వినపడేంత దగ్గర. నేను ఆ మంచానికీ ఆ గదికీ మధ్య ఊరికే రెండుసార్లు నడిచాను. ఇంగ్లీషు సంగతి తరువాత, వీడు ఇక్కడే ఉంటాడని అప్పుడే గట్టిగా అనుకున్నాను.

ఆఫీసు గదిలో దొరసాని ఉంది. తెల్లటి జుట్టు, ముక్కు చివర కళ్లద్దాలు. పక్కన మాటలు మార్చి చెప్పడానికి మద్రాసు నుంచి వచ్చిన టీచరమ్మ. ఆమె తెలుగు పుస్తకం చదివినట్టు ఉంటుంది.

"ఈ బాలుడు మీకు ఏమవుతాడు?" అని అడిగింది టీచరమ్మ.

ఏడేళ్లుగా నోట్లో నానిన మాట. ఆలోచించకుండానే వచ్చేసింది. "నాకేమైతడమ్మా, ఏం గాడు. పెంట మీద దొరికిండు. తవుడుకు కొన్న."

టీచరమ్మ కళ్లు పెద్దవి చేసి దొరసానికి చెప్పింది. దొరసాని కలం కింద పెట్టి, లేచి వచ్చి, వాడి గడ్డం పట్టుకొని చూసింది. ఇద్దరూ ఏదో మాట్లాడుకున్నారు. టీచరమ్మ గొంతు మెత్తబడింది. "మీరు చాలా పుణ్యం చేశారు. ఇటువంటి బాలుడిని ఈ బడిలో కాదు, వెనుక ఉన్న అనాథల ఇంట్లో ఉంచుతాము. రుసుము అక్కరలేదు. ఇకమీదట మీరు శ్రమపడి రానవసరం లేదు. మంచి పేరు కూడా పెడతాము" అంది.

వద్దని చెయ్యి అడ్డం పెట్టబోయాను. అంతలో ఆమె వంగి వాడిని అడిగింది. "బాబూ, ఈమె నీకు ఏమవుతుంది?"

వాడు పాఠం అప్పజెప్పినట్టు, నవ్వుతూ, "నన్ను తవుడుకు కొన్న అమ్మ" అన్నాడు. మా వెంట వచ్చిన ఆయా చెయ్యి చాపితే పట్టుకొని గుమ్మం దాకా పోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు. పరాయివాణ్ణని పుట్టినప్పటి నుంచి వింటున్నవాడు, ఎందుకు చూస్తాడు?

అప్పుడే నర్సిములు డబ్బులు మార్చుకొని వచ్చాడు. సంగతి విని వాడి మొహం పాలిపోయింది. నేను ఏం చెప్పాలో వాడికీ తెలుసు, నాకూ తెలుసు. ఆ మాట పట్టపగలు నలుగురిలో అంటే మృత్యువు చెవిన పడుతుందేమోనని ఇద్దరికీ భయమే. "అక్కా, బయటికి పోయి మాట్లాడుదాం, పా" అన్నాడు మెల్లగా.

నేను పోలేదు. గుమ్మం దగ్గరకు పోయి పిల్లవాడి రెండో చెయ్యి పట్టుకున్నాను. "వీడు నా కొడుకు. నా కడుపుల పుట్టిండు. చెప్పమ్మా దొరసానికి."

టీచరమ్మ చెప్పింది. దొరసాని మొహం గట్టిపడింది. ఇందాక అలా అని, ఇప్పుడు ఇలా ఎందుకు అంటున్నావని అడిగించింది. పిల్లవాణ్ణి ఎక్కడి నుంచి తెచ్చావని కూడా అడిగించింది. ఎత్తుకొచ్చాననుకుందేమో. నర్సిములు ఇంగ్లీషు ముక్కలతో ఏదో చెప్పబోయాడు. నేను వాణ్ణి ఆపాను. గువ్వా, అప్పుడు నీ పేరు చెప్పాను. నువ్వు పోయాక ఇంట్లో ఎవరి ముందూ అనని పేరు. జ్వరం, బండి, వనపర్తి దారి, చాట, పెంట, తవుడు, అన్నీ చెప్పాను. ఆగకుండా చెప్పాను. టీచరమ్మ ఒక్కొక్క మాటే మార్చి చెబుతూ మధ్యలో రెండుసార్లు ఆగిపోయింది.

దొరసాని కుర్చీలో కూర్చొని, బడి నియమాలు చెప్పింది. ముక్కుపుల్ల తీసేయాలి, ఆటల్లో ముక్కు చీలుతుంది. పేరు మార్చక్కరలేదు. తల్లిదండ్రులు సెలవులకు తప్ప రాకూడదు.

"ముక్కుపుల్ల నేనే తీస్త. పేరు ఉండనీయండి. కాని నెలకొక ఆదివారం నేనొస్త" అన్నాను.

"నియమం లేదు" అంది టీచరమ్మ.

"నియమం లేకపోతే పెట్టుమను. కోడెలను అమ్ముకొని వచ్చినం. కొడుకును అమ్ముకోనీకె రాలే."

ఇది ఎలా మార్చి చెప్పిందో నాకు తెల్వదు గానీ, దొరసాని పెదవి చివర నవ్వింది. రెండు నెలలకు ఒక ఆదివారం అని తేల్చాం.

వరండాలో కూర్చోబెట్టి వాడి ముక్కుపుల్ల తీశాను. వాడు ముక్కు తడుముకొని, "అమ్మా, నేను నీ కడుపులనే పుట్టిన్నా?" అన్నాడు.

"అవు బిడ్డా."

"మరి తవుడు ఖాసిం మామ వాపస్ ఇయ్యాల్నా?"

నర్సిములు అటు తిరిగి నవ్వాడు, కళ్లు తుడుచుకున్నాడు. గంట కొట్టారు. ఈసారి పిల్లల వరుసలో నడుస్తూ వాడు నాలుగుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. ఆయా రెండుసార్లు వాడి తల ముందుకు తిప్పింది.

తిరుగు ప్రయాణంలో భయం నాతోనే రైలెక్కింది. ఆ మాట అన్నాను కదా, వాడికి ఏమైనా అవుతుందేమోనని ఇప్పటికీ పొద్దు గూకేసరికి ఏటి దిక్కే చూస్తూ కూర్చుంటాను. అయినా నాకు పశ్చాత్తాపం లేదు. వాణ్ణి మృత్యువుకు కనబడకుండా దాచాను అనుకున్నాను, వాడికే నేను కనబడకుండా పోయాను. వాడు డాక్టరు అవుతాడో, కాడో ఇప్పుడెవరు చెబుతారు? కానీ వాడు రాత్రి ఆ ఇనుప మంచం మీద పడుకున్నప్పుడు తల్లి ఉన్నదని తెలిసి పడుకుంటాడు. మా అత్త ఇంకా సరిగా మాట్లాడదు. రెండు నెలలకు నాతో పాటు ఆమెనూ తీసుకుపోతాను, రానంటే మోసుకుపోతాను.

మీలో ఎవరైనా పిల్లలను అటువంటి బడికి తీసుకుపోతుంటే, ఒకటే చెబుతాను. మన ఆచారాలు ఏటి అవతల ఎవరికీ తెలియవు. బయలుదేరే ముందే పిల్లల ఎదుట గట్టిగా అనండి, నా కొడుకు, నా బిడ్డ అని. నోటికి అలవాటు కావాలి. బడిలో అడిగిన వెంటనే అదే రావాలి. ఇక పిల్లవాణ్ణి వదిలి వచ్చిన రోజు పొయ్యి వెలిగించబుద్ధి కాదు. అయినా వెలిగించండి. వేడిగా వండుకొని, కడుపునిండా తినండి.