గుండెను తిప్పింది నేనే

ఇన్నేళ్లుగా ఒక మాట గొంతులోనే ఉండిపోయింది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

డెబ్బైల్లో దబీర్‌పురాలోని మా ప్రచురణ సంస్థ కాలేజీల కోసం తెలుగులో సైన్సు పుస్తకాలు వేయడం మొదలుపెట్టింది. నేను ప్రూఫులు దిద్దేవాణ్ణి, ప్రెస్సులో అందరూ నన్ను పంతులు అనేవారు. కాలేజీ గడప తొక్కలేదు. నా చదువంతా గ్రంథాలయం బల్ల మీదే. అయినా గుండె గదులకు కర్ణిక, జఠరిక లాంటి మాటలు మా అచ్చులో నా కళ్ల ముందే నిలబడ్డాయి. ఆ గర్వం ఇప్పటికీ పోలేదు. ఎందుకు పోవాలి?

మా తొలి జంతుశాస్త్ర పుస్తకానికి రచయిత ఆఖరి ప్రూఫు చూసి సంతకం పెట్టారు. పేజీలు మిషనెక్కబోతున్నాయి. అప్పుడు చూశాను: గుండె బొమ్మలో ‘ఎడమ జఠరిక’ అన్న పేరు కుడిపక్కన ఉంది. అంత పెద్ద లెక్చరరు వదిలేసిన తప్పు నాకు దొరికిందని మురిసిపోయాను. ఆయన్ని అడగాలని కూడా అనిపించలేదు. అచ్చక్షరాలు కూర్చే కంపోజిటర్ యాదగిరికి నోటితోనే చెప్పి రెండు పక్కల పేర్లూ మార్పించాను. బొమ్మలోని మనిషి మనకు ఎదురుగా నిలబడి ఉంటాడనీ, అతని ఎడమ మనకు కుడి అవుతుందనీ నాకు తట్టలేదు.

పుస్తకాలు కాలేజీలకు చేరాక రచయిత మండిపడ్డారు. యజమాని మా ఇద్దరినీ పిలిచాడు.

“ఏంది యాదగిరీ, గుండెను గిట్ల ఉల్టా చేసినవ్?”

“పంతులు మార్చుమన్నడు సేట్, మార్చిన.”

“లైబ్రరీ మొత్తం మింగినోడు గట్ల చెప్తడా? ఏం పంతులూ?”

యాదగిరి నా వైపు చూసి నవ్వాడు, నేను ఒప్పుకుంటానన్న ధీమాతో. “చెప్పన్నా, నాకెందుకు గీ లొల్లి?”

“నేను చెప్పలే,” అన్నాను.

అతను చేతుల మసి తుడుచుకుని వెళ్లిపోయాడు, మళ్లీ పనిలోకి రాలేదు. రసాయన సూత్రాల్లోని చిన్న అంకెలను వరస తప్పకుండా నిలబెట్టిన మనిషి, పురానాపూల్ దగ్గర ఓ ప్రెస్సులో పెళ్లిపత్రికలు కూర్చుతున్నాడని తర్వాత విన్నాను. చూడటానికి వెళ్లలేదు.

ఉద్యోగం పోతుందని భయపడ్డానా? కాదు. చదివినవాడన్న పేరు పోతుందని.

మలి ముద్రణలో బొమ్మ సరిచేశాం. సంస్థ పెరిగింది. కొత్తగా చేరినవాళ్లు దాని చరిత్ర నన్నే అడిగేవారు. తొలి పుస్తకం గురించి ఛాతీ విరుచుకుని చెప్పేవాణ్ణి. చివర్లో “ఓ కంపోజిటర్ గుండెను తిప్పేశాడు” అని నవ్వించేవాణ్ణి కూడా. అబద్ధం ఒకసారే ఆడానని నాకు నేను ఎలా చెప్పుకోను?

ఆ పుస్తకమంటే నాకు నేటికీ గర్వమే. దాని చరిత్ర ఇకనుంచి ఇలా చెబుతాను. అక్షరాలు కూర్చింది యాదగిరి. గుండెను తిప్పింది నేను.