భారతమ్మ గొంతులో బాంబు

భారతమ్మకు పంతం ఎక్కువ. ఒంట్లో బాగాలేదని ఎవరికైనా చెప్పుకోవడమంటే మరీ నామోషీ. శంషాబాద్ విమానాశ్రయం దగ్గర ఓ సరుకు గోదాములో నాలుగేళ్లుగా ఊడుస్తోంది. అది 2012. గొంతు జబ్బుకు దవాఖానలో ఏదో మందు మింగించి, వారం దాకా ఇల్లు కదలొద్దన్నారు. సూపర్‌వైజర్ రాజయ్యను సెలవడిగింది.

"పోతే పో. ఇగ మళ్ల రాకు" అన్నాడాయన. ఎందుకని అడిగిన పాపాన పోలేదు. ఈవిడా చెప్పలేదు. కొలువు పోతే ఇల్లెట్లా గడుస్తుంది? మర్నాడే పనికొచ్చింది.

ఆ రోజే గేటు దగ్గర కొత్త మిషన్ పెట్టారు. సూట్‌కేసులో పట్టే అణుబాంబును ఎవడైనా దొంగతనంగా తెస్తే, దాని రేడియేషన్‌ను పసిగట్టి పట్టేస్తుందట. భారతమ్మ కాలు పెట్టిందో లేదో, చెవులు చిల్లులు పడేలా మోగింది.

గేటు దగ్గరి సెక్యూరిటీ ఆఫీసరు చేతి మిషన్‌తో వెతికాడు. టిఫిన్ డబ్బాలో పచ్చిపులుసు అమాయకంగానే ఉంది. మెడ దగ్గర మాత్రం మిషన్ టకటకా కొట్టుకుంది.

"పుస్తెలు తీయండమ్మా."

"నా పెనిమిటి బతికే ఉన్నడు సారు. తియ్య."

"అయితే గేటు పాసు రద్దు చేస్తాం."

వెనక లారీలు బారులు తీరాయి. చివరకు తోటి పనామె శివమ్మ, పక్క హోటల్లో పసుపుకొమ్ము అడిగి తెచ్చి, దారానికి కట్టి మెడలో వేసింది. అప్పుడుగానీ భారతమ్మ పుస్తెలు తీయలేదు. తీరా చూస్తే బల్లమీద పుస్తెలు గమ్మునున్నాయి, మిషన్ పసుపుకొమ్ము దగ్గర మళ్లీ మొదలెట్టింది! ఆఫీసరు తల పట్టుకుని, ఏ పదార్థమో పేరు చెప్పే ఇంకో మిషన్ తెప్పించాడు. అది అయోడిన్ అని చూపింది.

"గొంతుకు మందేమైనా మింగారా?"

గోల విని వచ్చిన రాజయ్య పక్కనే ఉన్నాడు. చెప్తే కొలువు పోతుంది, చెప్పకపోతే పాసు పోతుంది. భారతమ్మకు ఏడుపొచ్చింది. ఉన్నదంతా చెప్పేసింది.

"ఇది బాంబు కాదులెండి, గొంతు జబ్బుకిచ్చే అయోడిన్ మందు. దాన్నుంచే రేడియేషన్ వస్తోంది" అంటూ ఆఫీసరు నిట్టూర్చాడు. "అసలు బాంబును సీసం పెట్టెలో దాచి తెస్తే మాత్రం దొరకడం కష్టం."

"అంటే పెట్టె లేనోళ్లమే దొరుకుతమన్నట్టు" అంది భారతమ్మ ముక్కు తుడుచుకుంటూ.

రాజయ్య గొంతు సవరించుకున్నాడు. "డాక్టరు ఇంకేమన్నడు?"

"వారం దాకా మనుషుల దగ్గరికి పోవద్దన్నడు."

రాజయ్య గోడకు అతుక్కుపోయాడు. అక్కడినుంచే వారం సెలవు చీటీ రాసి, జీతం కూడా కోయనని రాసి, పొడుగు చీపురు కట్టతో ఆమె వైపు తోశాడు.

భారతమ్మ చీటీ చూసుకుంది. ఆయన వైపు ఒక్క అడుగు వేసింది.

"పది రోజులు రాయి సారు."

రాశాడు.