బసప్ప బావిలో బూడిదరంగు పొర

1962 డిసెంబరులో నన్ను జహీరాబాద్ ప్రాంతానికి నమూనాల సేకరణకు పంపారు. అప్పుడు నేను హైదరాబాదులో శిలాజ వృక్షశాస్త్ర విభాగంలో జూనియర్ పరిశోధన సహాయకురాలిని. ఒంటరిగా క్షేత్రానికి వెళ్లడం అదే మొదటిసారి.

ఆ ప్రాంతపు నల్లరాయి అంతా ఒకప్పటి లావా. అది విడతలు విడతలుగా పారింది. రెండు విడతల నడుమ నేల చల్లారి నీళ్లు నిలిచాయి, చెట్లు మొలిచాయి. ఆనాటి బురద తరవాతి లావా కింద పడి పలుచని పొరగా మిగిలింది. అందులో పుప్పొడి దొరికితే అప్పటి అడవి ఎలాంటిదో చెప్పవచ్చు. ఆ పొర బయటపడేది ఎక్కువగా బావులు తవ్వే చోటే.

మొగుడంపల్లి దారిలో బసప్ప అనే పెద్దరైతు బావి తవ్విస్తున్నాడు. ముప్పై అడుగుల లోతున రాయి ఆగి, బూడిదరంగు మెత్తటి మన్ను వచ్చింది. లోపలికి దిగడానికి నేను జంకాను. రాళ్లు కొట్టే సాయిలు తట్టలో పైకి పంపిన మట్టినే గట్టు మీద ఆరబోసి, సంచుల్లో కట్టి, చీటీలు రాసుకుని వచ్చేశాను.

రాయిని కరిగించే ఆమ్లం పుప్పొడిని ఏమీ చేయదు. ఆ ఆమ్లంలో మట్టిని నానబెట్టి, కడిగి, మిగిలినదాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టాను. పుప్పొడి గింజలు కుప్పలుగా కనిపించాయి. గడ్డిజాతి పుప్పొడి విస్తారంగా ఉందని నివేదిక రాసి మా అధికారికి ఇచ్చాను. ఆయన రెండు స్లైడులు చూసి, గింజలు ఇంత తాజాగా ఎందుకున్నాయని అడిగారు. అప్పుడు అర్థమైంది. అది ఆ ఏడాది జొన్నచేను పుప్పొడి. గట్టు మీద ఆరబోసిన మట్టిలో గాలికి వచ్చి పడింది. మర్నాడు, మళ్లీ వెళ్తానని నేనే అడిగాను. ఆయన రెండు రోజులు ఇచ్చారు.

నేను వెళ్లేసరికి బావి చుట్టూ రాళ్లు పేర్చి ఉన్నాయి. మెత్తటి పొర కూలుతుందని దానికి అడ్డంగా రాతికట్టు కడుతున్నారు. ఇంకో పూట ఆలస్యమైతే పొర పూర్తిగా మూసుకుపోయేది. నా తప్పు దాచకుండా బసప్పకు చెప్పాను. ఆయన కట్టు వైపు చేయి చూపించాడు.

“కూలితే లోపలున్నోళ్ల పానాలు పోతయ్ బిడ్డా. పగటి బువ్వ దాంక పని ఆపుత. జల్ది కానియ్యి.”

నేను దిగుతానంటే సాయిలు ఒప్పుకోలేదు. “మీకెందుకమ్మా, నేను తీసిస్త గద” అన్నాడు. పోయినసారి అలాగే చెడిందన్నాను. అతను నా నడుముకు తాడు కట్టి, తానే ముందు దిగాడు.

దిగేముందు జిగురు పూసిన ఒక స్లైడును గట్టు మీద పెట్టాను, ఆనాటి గాలిలో ఏముందో తెలియడానికి. లోపల సాయిలు గోడను మూరెడు లోతు చెక్కి పైమట్టి పారేశాడు. లోపలి గడ్డను నేను కడిగిన కత్తితో కోసి, అక్కడే కొత్త పాలిథిన్ కాగితంలో చుట్టాను.

ఈసారి గింజలు తక్కువ. కానీ అన్నీ గోధుమరంగుకు తిరిగి, అణిగిపోయి ఉన్నాయి. పడవ ఆకారంలో తాటిజాతి పుప్పొడి, నీటిమీద తేలే ఫెర్న్ మొక్క బీజాలు. జొన్న పుప్పొడి గట్టు మీది స్లైడులోనే ఉంది. మా అధికారి చాలాసేపు చూసి, రెండో నివేదిక మీద సంతకం పెట్టారు.

వేసవిలో ఆ గింజల బొమ్మలు గీసి తీసుకెళ్లి బసప్పకు చూపించాను. “అయితే నా చేన్ల కుంట ఉండెనన్నట్టు” అని నవ్వాడు. బావిలో నీళ్లు పడ్డాయి. అవి ఆనాటి కుంట నీళ్లు కావని చెబితే, “ఏ నీళ్లయితే ఏంది, తాగు” అని చెంబు అందించాడు.

మొదటి నివేదికను నేను చింపలేదు. తప్పు ఎక్కడ జరిగిందో దానిమీదే రాసి, రెండోదానితో కలిపి ఫైల్లో ఉంచాను. తరవాతి ఉద్యోగకాలమంతా, మట్టి పుట్టిన చోటును కళ్లారా చూడకుండా ఏ చీటీ మీదా సంతకం చేయలేదు. సూక్ష్మదర్శినిలో కనిపించినంత మాత్రాన అది సాక్ష్యం కాదు. అది అక్కడికి ఎలా వచ్చిందో చెప్పగలిగినప్పుడే సాక్ష్యం.